దక్షులెవ్వార... 'లు'పేక్షా, 'ల'పేక్షా?

ఎంవీపీ కాలనీ: మా అపార్ట్‌మెంట్లో బాత్‌రూమ్ లీకేజీ మీద పై ఇంటికీ కింది ఇంటికీ నాలుగు నెలలుగా మాటల్లేవు. నిన్న నన్ను మధ్యన కూర్చోబెట్టారు. కింది ఇంటాయన గోడ మీద చెమ్మ ఎంతవరకు దిగిందో పెన్సిల్‌తో గీతలు గీసి, పక్కనే తేదీలు వేశారు. నేను తటస్థంగా ఉంటానన్నాను. ఇంటికొచ్చి చెబితే మా నాన్నగారు "దక్షులెవ్వారలపేక్ష సేసిరి..." అని అందుకున్నారు. తిక్కన భారతం, ఉద్యోగపర్వం, రాయబారంలో కృష్ణుడి మాట. అది అపేక్షా, ఉపేక్షా? రాత్రంతా అదే ఆలోచన.

భీమిలి: ఉపేక్షే అమ్మా. చేతనై ఉండీ ఊరుకున్నవాళ్లకే చేటు అని కదా.

గాజువాక: మాస్టారూ, 'లు' అన్నా 'ల' అన్నా లఘువే, భగణం చెడదు. ఉత్వసంధి రెంటికీ సరిపోతుంది. అపేక్షను ఒకవైపు మొగ్గడంగా తీసుకుంటే? మధ్యవర్తికి ఉండకూడనిది అదేగా.

భీమిలి: గణాలు సరే, అర్థం? ధర్మాన్ని పాపం, సత్యాన్ని బొంకు చెరుస్తున్నాయని పద్యం ఎత్తుకోవడమే. భీష్మద్రోణులు చూస్తూ కూర్చున్న సభ అది. అక్కడ అపేక్ష ఎలా అతుకుతుంది?

మద్దిలపాలెం: నాకు తటస్థం దగ్గరే పట్టింపు. తటం అంటే గట్టు. గట్టున నిలబడ్డవాడు మధ్యవర్తి ఎలా అవుతాడు? ఆ మధ్యవర్తి అన్న మాటా ఇప్పుడు చిక్కే. 1996 చట్టం కింద అవార్డు ఇచ్చే ఆర్బిట్రేటర్‌నీ, 2023 చట్టం కింద రాజీకి సాయపడే మీడియేటర్‌నీ అలాగే పిలుస్తున్నాం. మొదటాయన చెప్పింది తీర్పు. రెండో ఆయన ఏ పరిష్కారాన్నీ రుద్దకూడదు.

పూర్ణామార్కెట్: తగవరి అనే చక్కటి మాట ఉండగా ఇంత బాధ దేనికి? తగవంటే పూర్వం న్యాయం. ఇప్పుడు గొడవ అయిపోయింది, అదే నా దిగులు.

గాజువాక: తిక్కనే పెద్ద తగవరి. తన ప్రభువు, నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యం కోసం ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుడితో మాట్లాడి వచ్చాడంటారు. రాయబారం బరువు తెలిసిన మంత్రి కాబట్టే కృష్ణుడి నోట ఒక్క మాటా వృథా పోనివ్వలేదు.

భీమిలి: అందుకే ఉపేక్ష అంటున్నాను.

గాజువాక: నేనూ అందుకే అపేక్ష అంటున్నాను మాస్టారూ.

ఎంవీపీ కాలనీ: నాన్నగారిని మళ్లీ అడిగాను. బళ్లో వాళ్ల మాస్టారి నోట 'ల' అనే విన్నారట, మార్చుకోనన్నారు. ఆదివారం ప్లంబర్ వస్తున్నాడు. అంతకుముందే ఒకసారి కిందికి దిగి ఆ పెన్సిల్ గీతలు చూస్తానని పై ఇంటావిడ కబురు పెట్టారు.