వీఓబీని ఎంపీ4 చేస్తే సౌండ్ ముందుకు జరిగిపోతోంది, ఎలా సరిచేయాలి?

అమ్మానాన్నల పెళ్లి డీవీడీలో నాలుగు వీఓబీ ఫైళ్లున్నాయి, మొదటి మూడూ ఒక్కోటి దాదాపు 1 జీబీ. డిస్క్ మీద గీతలు పడుతున్నాయి, పూర్తిగా పాడవకముందే ఎంపీ4గా మార్చి దాచుకోవాలి. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెడితే మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంది, ఆ తర్వాత సౌండ్ కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతోంది. 20వ నిమిషానికి వచ్చేసరికి గట్టిమేళం మోగిన రెండు సెకన్లకు గానీ నాన్న చేతులు అమ్మ మెడ దగ్గరికి వెళ్లవు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

అసలు ఫైళ్లు వీఎల్‌సీలో సరిగ్గానే ప్లే అవుతున్నాయి. ఇంకో రెండు సైట్లు, వేరే బ్రౌజర్ కూడా చూశాను. ఫ్రేమ్ రేట్ 25, సైజు 720×576 ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఆడియో ఒక్కటే ఏసీ3 నుంచి ఏఏసీకి మార్చాను (48 కిలోహెర్ట్జ్). అయినా అంతే. సౌండ్ జరగకుండా ఉండాలంటే ఏ సెట్టింగ్ మార్చాలి?