పూల్ సైజు పెంచాలా, కనెక్షన్ పట్టుకునే సమయం తగ్గించాలా?

జావా_కాకినాడ
మాది కాలేజీ ఫీజులు కట్టించుకునే యాప్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో రాశాం, వెనకాల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మామూలుగా నాలుగు పాడ్లు (నడుస్తున్న యాప్ కాపీలు), ఒక్కో దాంట్లో డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి పంచే హికారీ పూల్ సైజు 20. ఆఖరి తేదీ నాడు రద్దీకి పాడ్లు వాటంతటవే ఎనిమిదయ్యాయి. అక్కణ్ణుంచి లాగ్ నిండా 'సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ' అనే ఎర్రరే. పోస్ట్‌గ్రెస్ సర్వర్ ఒకేసారి ఒప్పుకునే కనెక్షన్ల హద్దు, అదే మ్యాక్స్ కనెక్షన్స్, డిఫాల్ట్ 100 దగ్గరే ఉంది. దాన్ని 500 చేసి, పూల్ కూడా 50కి పెంచుదామని మా లీడ్ అంటున్నారు. నాకు ధైర్యం చాలట్లేదు. మీరేమంటారు?

క్లౌడ్_రాజమండ్రి
పెంచండి, భయమెందుకు? ఎనిమిది ఇరవైలు నూట అరవై. ఉన్న వందలోనూ 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంటాయి, అంటే మీకు దక్కేవి 97. ఎర్రర్ రాకపోతేనే ఆశ్చర్యం. వందలు దాటితే పోస్ట్‌గ్రెస్ కూలబడుతుందన్నది పాత మాట. ఊరికే కూర్చున్న కనెక్షన్లు ఎక్కువున్నా క్వెరీలు మందగించకుండా 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో చాలా బాగుచేశారు. మార్చాక సర్వర్ రీస్టార్ట్ చేయాలి, అదొక్కటి గుర్తుంచుకోండి.

డీబీఏ_వరంగల్
రాజమండ్రి అన్నగారి లెక్క సరిగ్గానే ఉంది, మందుతోనే నాకు పేచీ. 14లో మెరుగైంది ఖాళీగా ఉన్న కనెక్షన్ల సంగతి. ఎనిమిది పాడ్లకు యాభై చొప్పున 400 కనెక్షన్లు ఒకేసారి పని మొదలెడితే ఆ మెరుగుదల ఆదుకోదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక విడి ప్రాసెస్. మైసీక్వెల్‌లో మామూలుగా అది థ్రెడ్ కాబట్టి కాస్త తేలిక, అయినా అక్కడా డిఫాల్ట్ 151 మాత్రమే. ఎనిమిది కోర్ల మెషిన్ మీద 400 ప్రాసెస్‌లు సీపీయూ కోసం, లాక్‌ల కోసం కొట్టుకుంటే ప్రతి క్వెరీ నెమ్మదిస్తుంది. నెమ్మదించేకొద్దీ కనెక్షన్ ఇంకాసేపు చేతిలోనే ఉండిపోతుంది. అప్పుడు 500 కూడా చాలదు.

కాకినాడ తమ్ముడూ, నంబర్లు ముట్టుకునే ముందు ఒక పని చేయి. రద్దీ ఉన్నప్పుడు, ప్రతి కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీలో స్టేట్ వారీగా ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టు. 'యాక్టివ్' ఎక్కువుంటే డేటాబేస్ నిజంగా కష్టపడుతున్నట్టు. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' ఎక్కువుంటే మీ కోడ్ కనెక్షన్ తీసుకుని, ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదన్న పనుల కట్ట) తెరిచి, వేరే పనిలో పడిందని అర్థం.

జావా_కాకినాడ
చూశాను సార్. 97లో 80కి పైగా 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్'. అన్నిట్లోనూ ఆఖరి క్వెరీ పేమెంట్ టేబుల్‌లో ఇన్సర్టే. ఆ ఇన్సర్ట్ చేసే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అన్న గుర్తు ఉంది, అంటే మెథడంతా ఒకే ట్రాన్సాక్షన్. లోపల ఇన్సర్ట్ అయ్యాక, డబ్బు కట్ చేయించే పేమెంట్ గేట్‌వేని పిలుస్తాం. జవాబు రావడానికి రెండు సెకన్లు పడుతోంది.

డీబీఏ_వరంగల్
జబ్బు అక్కడే ఉంది. సెకనుకు 100 చెల్లింపులు వస్తే, ఒక్కోటి 2 సెకన్లు పట్టుకుంటే ఏ క్షణమైనా 200 కనెక్షన్లు కావాలి. డేటాబేస్ పనికి పట్టేది 20 మిల్లీసెకన్లే అనుకో, ఆ చెల్లింపులకే సగటున 2 చాలు. హికారీ డిఫాల్ట్ పూల్ 10 అని చాలామంది పెదవి విరుస్తారు గానీ, పట్టుకుని వెంటనే వదిలే కోడ్‌కి అది చిన్నదేం కాదు.

క్లౌడ్_రాజమండ్రి
ఆగండి. డబ్బు వ్యవహారం కాబట్టే ట్రాన్సాక్షన్‌లో పెట్టి ఉంటారు. బయటికి తీశాక, గేట్‌వే పిలుపు మధ్యలో పాడ్ పోతే? డబ్బు కట్ అయి రసీదు రాకపోతే ఆ పిల్లల తల్లిదండ్రుల టెన్షన్ ఎవరు తీరుస్తారు?

డీబీఏ_వరంగల్
మంచి ప్రశ్న. కానీ ఆ రక్షణ ఇప్పుడు కూడా లేదన్నా. పాడ్ పోతే పోస్ట్‌గ్రెస్ రోల్‌బ్యాక్ చేసేది (వెనక్కి తీసేసేది) మన వరుసను, బ్యాంకులో కట్ అయిన డబ్బును కాదు. పైగా ఆ చెల్లింపు ప్రయత్నం జరిగిందన్న ఆనవాలు కూడా మన దగ్గర మిగలదు. అదే ముందుగా 'పెండింగ్' అని రాసి కమిట్ చేసి (ఖాయం చేసి), తర్వాత గేట్‌వేని పిలిచి, జవాబొచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో స్టేటస్ మారిస్తే, మధ్యలో ఏం జరిగినా వరుస మిగులుతుంది. పెండింగ్‌లో ఉండిపోయినవాటిని ఒక జాబ్ పెట్టి గేట్‌వేని అడిగి తేల్చుకోవచ్చు. కనెక్షన్ల సంగతి పక్కన పెట్టినా ఇలా చేయడమే న్యాయం.

పైథాన్_విశాఖ
ఇంత తిప్పలెందుకు, యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో, కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ పెడితే పోలా?

డీబీఏ_వరంగల్
పాడ్లు బాగా పెరిగితే తప్పక పెట్టాలి. కానీ ట్రాన్సాక్షన్ మోడ్‌లో అది కనెక్షన్‌ను వెనక్కి తీసుకునేది ట్రాన్సాక్షన్ ముగిశాకే. వీళ్ల ట్రాన్సాక్షన్ రెండు సెకన్లు తెరిచే ఉంటోంది. క్యూ డేటాబేస్ ముందు నుంచి బౌన్సర్ ముందుకు మారుతుంది, అంతే.

జావా_కాకినాడ
మీరు చెప్పినట్టే రెండు ట్రాన్సాక్షన్లుగా విడగొట్టి లోడ్ టెస్ట్ చేశాం. 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' దాదాపు పోయింది. కానీ పూల్ ఇంకా నిండిపోతోంది, 30 సెకన్లకు హికారీ టైమౌట్ వస్తోంది. పోస్ట్‌గ్రెస్‌లో చూస్తే అన్నీ ఉత్త 'ఐడిల్'. ఇదేంటి సార్?

డీబీఏ_వరంగల్
ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్. స్ప్రింగ్ బూట్‌లో అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, యాప్ లేచేటప్పుడు లాగ్‌లో హెచ్చరిక కూడా వస్తుంది, ఎవరూ చదవరు. ట్రాన్సాక్షన్ ముగిసినా హైబర్నేట్ (టేబుల్ వరుసలను జావా ఆబ్జెక్టులుగా మార్చే లైబ్రరీ) సెషన్ రిక్వెస్ట్ అయ్యేదాకా బతికే ఉంటుంది, కనెక్షన్‌ను వదలదు. ఆ సెట్టింగ్‌ను ఫాల్స్ పెట్టు. లేజీగా (అవసరమైనప్పుడే) లోడయ్యే ఫీల్డులు ఉన్నచోట్ల లేజీ ఇనిషియలైజేషన్ ఎర్రర్లు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచేసుకోవాలి, దానికి షార్ట్‌కట్ లేదు.

క్లౌడ్_రాజమండ్రి
గేట్‌వే విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ డిప్లాయ్ చేసేటప్పుడు పాత పాడ్లు పూర్తిగా పోకముందే కొత్తవి లేస్తాయి. ఎనిమిది కాస్తా కాసేపు పదహారు కూడా కావచ్చు. ఆ లెక్క కూడా వేయకపోతే మళ్లీ అదే ఎర్రర్.

జావా_కాకినాడ
ఓపెన్ ఇన్ వ్యూ ఆపేశాక టైమౌట్లు ఆగిపోయాయి. పూల్‌ను 5కి తగ్గిస్తున్నాం. పదహారు పాడ్లున్నా 80, మిగతా 17 రిపోర్టులకు, అడ్మిన్ పనులకు. మ్యాక్స్ కనెక్షన్స్ 100 దగ్గరే ఉంచాం. లీడ్ ఒప్పుకున్నారు.