బోస్ క్రెస్కోగ్రాఫ్‌ను ఆర్డుయినోతో కడితే అది బోస్‌దేనా?

తిరుపతి_సోల్డర్:
మా కాలేజీ ఎగ్జిబిషన్‌కి జగదీశ్ చంద్ర బోస్ క్రెస్కోగ్రాఫ్ కడుతున్నాం, మొక్క ఎదుగుదలను పెద్దది చేసి చూపించే యంత్రం. ఆయన రెండు మీటలు (లివర్లు), మీట కొన గీత గీసే మసి పూసిన గాజుపలక, గడియారం మెకానిజంతో 10,000 రెట్లు చూపించాడు. మేం మీటలు తీసేసి, కాండానికి కట్టిన దారం చివర చిన్న అయస్కాంతం, దాని ఎదుట హాల్ సెన్సర్ (అయస్కాంతం జరిగితే పసిగట్టేది), ఆ రీడింగు చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో పెట్టాం. మొక్కను గిల్లితే బజర్ మోగుతుంది. మా సార్ ఒకాయన "ఇందులో బోస్ ఎక్కడున్నాడు, పేరు తీసేయండి" అంటున్నారు.

కొర్లగుంట_శీను:
తీసేయాల్సిందే సామీ. మసి మీద పడిన గీత పడినట్టే ఉంటుంది. మీ గ్రాఫు సాఫ్ట్‌వేర్ ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఇక ఆ బజర్ దేనికి? మొక్క ఏడుస్తోందని చెప్పడానికా?

బాటనీ_మేడం:
శీను గారూ, బోస్ కూడా మీటల దగ్గర ఆగిపోలేదు. తర్వాత అయస్కాంతం, వేలాడే సూది, అద్దం, వెలుగు కిరణంతో ఇంకోటి కట్టి కోటి రెట్లు అన్నాడు. లండన్‌లో వాలర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త నమ్మనన్నాడు. 1920 ఏప్రిల్‌లో బోస్ యూనివర్సిటీ కాలేజీలో చేసి చూపించాడు. చూసినవాళ్లలో రేలీ, బేలిస్ వంటి శాస్త్రవేత్తలు, ఎదుగుదల సరిగ్గానే నమోదవుతోందని మే 4న 'టైమ్స్'కు రాశారు. కొలత అక్కడ నెగ్గింది. మొక్కలకూ నరాల వంటివి ఉన్నాయన్న ఆయన వ్యాఖ్యానం మీద మాత్రం వాదన ఆగలేదు. అత్తిపత్తిలో విద్యుత్ సంకేతం పరుగెత్తడం నిజమే. కానీ క్రెస్కోగ్రాఫ్ కొలిచేది పొడవును, నొప్పిని కాదు. పేరు ఉంచండి, బజర్ తీసేయండి.

చిత్తూరు_మెకానిక్:
పేరు సంగతి తర్వాత, ముందు మీ స్టాండు చూసుకోండి తమ్ముడూ. 20 సెం.మీ. అల్యూమినియం 1 డిగ్రీ వేడెక్కితే దాదాపు 4.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది. గంటకు 1 మి.మీ. పెరిగే కాండానికి అది దాదాపు 17 సెకన్ల ఎదుగుదల. అయస్కాంతం బలమూ వేడికి తగ్గుతుంది. మే నెల తిరుపతిలో ఎవరో తలుపు తీస్తే చాలు, గిల్లకుండానే గ్రాఫు వంగుతుంది. మీరేమో "స్పందించింది" అంటారు. పక్కనే ఓ ఎండుపుల్ల కట్టి రెండో సెన్సర్ పెట్టండి. అదీ పెరిగిందంటే పెరిగేది మొక్క కాదు.

తిరుపతి_సోల్డర్:
అన్నా, వెదురుపుల్ల చాలా?

చిత్తూరు_మెకానిక్:
వద్దు, తేమ పీల్చి ఉబ్బుతుంది. గాజు కడ్డీ పెట్టు. ఇందాక ఎండుపుల్ల అన్నది ఊరికే మాటవరసకి.

కొర్లగుంట_శీను:
సరే, "బోస్ తరహా" అని రాసుకోండి. గాజు కడ్డీ గ్రాఫు కూడా పక్కనే అంటించాలి, దాచకూడదు.

బాటనీ_మేడం:
ఫిల్టర్ చేయని రీడింగులు కూడా పెట్టండి. మాకు గ్రాఫు కన్నా అవే ముఖ్యం.