సర్వో ఎన్‌కోడర్ కేబుల్ షీల్డ్: ఒక వైపా, రెండు వైపులా?

మిర్చియార్డు_రోడ్డు: గుంటూరులో కారప్పొడి పౌచ్ ప్యాకింగ్ మెషిన్. ఫిల్మ్ లాగేది 750 వాట్ల సర్వో మోటార్, సింగిల్ ఫేజ్ 230 వోల్టులు, 20 బిట్ ఎన్‌కోడర్ (మోటార్ ఎంత తిరిగిందో డ్రైవ్‌కి చెప్పేది), దాని కేబుల్ 8 మీటర్లు. పక్కనున్న 20 హెచ్‌పీ పల్వరైజర్‌కి వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే డ్రైవ్) బిగించిన దగ్గర్నుంచి ఎన్‌కోడర్ కమ్యూనికేషన్ అలారం వస్తోంది. పల్వరైజర్ ఆపితే రాదు. కేబుల్ మార్చినా అంతే. కేబుల్ షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్‌కి కట్టి ఉంది. రెండో వైపు కూడా కట్టాలా అండీ?

ఆటోనగర్_ప్యానెల్: వద్దండీ. రెండు వైపులా కడితే ఎర్త్ లూప్ అయి షీల్డ్‌లోంచి కరెంటు పారుతుంది. షీల్డ్ ఎప్పుడూ ఒక వైపే.

తెనాలి_ఫిట్టర్: కప్లింగ్ స్క్రూ చూశారా?

కృష్ణలంక_డ్రైవ్స్: ఆ సూత్రం థర్మోకపుల్ (వేడి కొలిచేది) తీగలకి, 4-20 మిల్లీయాంప్ సెన్సర్ తీగలకి. అక్కడ బెడద 50 హెర్ట్జ్. ఇక్కడ వీఎఫ్‌డీ లోపలి స్విచ్‌లు (ఐజీబీటీలు) ఆన్-ఆఫ్ అయ్యే అంచుల్లో పుట్టే మెగాహెర్ట్జ్‌ల నాయిస్. రెండో కొస వదిలేసిన షీల్డ్ దాన్ని ఆపదు. జడలా మెలేసి టెర్మినల్లో దోపినా దండగే: 10 సెం.మీ. తోకకి సుమారు 0.1 మైక్రోహెన్రీ, అంటే 10 మెగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌ల పైమాటే. తొడుగు ఒలిచి, అల్లికని చుట్టూ పట్టే లోహపు క్లాంప్‌తో పెయింట్ గీకిన బ్యాక్‌ప్లేట్‌కి బిగించాలి. మోటార్ వైపు కనెక్టర్ షెల్‌కి.

ఆటోనగర్_ప్యానెల్: లెక్కలు బాగున్నాయి. ఒకచోట రెండు వైపులా కట్టిన షీల్డ్‌లో క్లాంప్ మీటర్ 2 ఆంపియర్లు చూపించింది, కేబుల్ వేడెక్కింది. మీటర్ అబద్ధమాడిందా?

మంగళగిరి_మెయింటెనెన్స్: వీఎఫ్‌డీ అవుట్‌పుట్ కేబుల్ ఎన్‌కోడర్ కేబుల్‌తో ఒకే ట్రేలో పోతోందా? 30 సెం.మీ. ఎడం ఉండాలి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి.

మిర్చియార్డు_రోడ్డు: వేరే ట్రే. కప్లింగ్ బిగువే.

కృష్ణలంక_డ్రైవ్స్: ఆ 2 ఆంపియర్లు ఊరికే పారవు కదా. రెండు కొసల మధ్య వోల్టేజీ ఉంటేనే పారతాయి. షీల్డ్ తీసేస్తే కరెంటు ఆగుతుంది, వోల్టేజీ ఎక్కడికీ పోదు.

ఆటోనగర్_ప్యానెల్: మాన్యువల్ చూసి ఎవరైనా చెబుతారు. అర్ధరాత్రి లైన్ ఆగితే ఫోన్ వచ్చేది మాకు.

కృష్ణలంక_డ్రైవ్స్: కోపం తర్వాత చేసుకుందాం. మిర్చియార్డు గారూ, పల్వరైజర్ తిరుగుతుండగా ప్యానెల్ ఎర్త్ బార్‌కీ సర్వో మోటార్ బాడీకీ మధ్య ఏసీ వోల్టులు చూడండి.

మిర్చియార్డు_రోడ్డు: ఆగితే 0.4, తిరిగితే 3.8. ప్యానెల్‌కి ‘ఎలక్ట్రానిక్ ఎర్త్’ అని విడిగా కెమికల్ ఎర్త్ గుంట వేశారు. మెషిన్ ఫ్రేమ్ షెడ్డు ఎర్త్‌కి ఉంది. ఇంకోటి, సర్వో మోటార్ పవర్ కేబుల్లో ఆకుపచ్చ-పసుపు ఎర్త్ తీగ మోటార్ దగ్గర కత్తిరించి టేపు చుట్టి ఉంది.

మంగళగిరి_మెయింటెనెన్స్: మామూలు మల్టీమీటర్‌కి 50 హెర్ట్జ్ చుట్టుపక్కలదే కనిపిస్తుంది. అసలు నాయిస్ ఆ 3.8లో లేదు.

కృష్ణలంక_డ్రైవ్స్: ఆ తీగ కోసిందెవరు? సర్వో డ్రైవ్ స్విచింగ్‌కి మోటార్ బాడీలోకి లీకయ్యే కరెంటు వెనక్కి రావలసింది ఆ దారినే. అది లేక ఎన్‌కోడర్ తీగల్లో దారి వెతుక్కుంటోంది. పల్వరైజర్ లీకేజీ షెడ్డు ఎర్త్‌లో పడి ఫ్రేమ్‌ని ఇంకా ఊపుతోంది. అలారం సంగతి అలా ఉంచండి. విడి గుంట అంటే కరెంటు మట్టిలోంచే తిరిగి రావాలి: గుంట 2 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు 1 ఓమ్ అనుకోండి. ప్యానెల్ బాడీకి ఫేజ్ తగిలితే పారేది 77 ఆంపియర్లు. సీ-32 ఎంసీబీ 160 దాటితేగానీ వెంటనే పడదు. అంతసేపూ తలుపు మీద 150 వోల్టులు!

ఆటోనగర్_ప్యానెల్: ఆ ఆకుపచ్చ తీగ కోయడం తప్పే, ఒప్పుకుంటాను. గుంట మాత్రం తప్పు కాదు. నల్లరేగడి నేల, ఏప్రిల్‌కల్లా ఎండి పగుళ్లు. షెడ్డు ఎర్త్‌కి నీళ్లు పోసే దిక్కుండదు. ఆ మురికి ఎర్త్‌కి డ్రైవ్ కట్టమంటారా?

కృష్ణలంక_డ్రైవ్స్: పది గుంటలు వేయండి, కాదనను. అన్నీ కలిపి ఉండాలి. ఐఎస్ 3043 (ఎర్తింగ్‌కి మన దేశపు ప్రమాణం) తీసి చూడండి. కలపని గుంట అమ్ముకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఆటోనగర్_ప్యానెల్: అదీ సంగతి. ఇంతసేపూ షీల్డ్ పేరు చెప్పి మీరు తిడుతున్నది మా గుంటల్ని.

కృష్ణలంక_డ్రైవ్స్: అవును, గుంటల్నే. రెండు ఎర్త్‌లు విడిగా ఉన్నన్నాళ్లూ షీల్డ్ ఎటు కట్టినా తంటానే.

మిర్చియార్డు_రోడ్డు: ఇంతకీ ఏం చేయమంటారు?

కృష్ణలంక_డ్రైవ్స్: మెయిన్ ఆపి, ఛార్జ్ దీపం ఆరాక 15 నిమిషాలు ఆగండి. డ్రైవ్ బస్ పీ-ఎన్ టెర్మినళ్ల మధ్య డీసీ దిగిపోయిందో లేదో చూడండి, నడిచేటప్పుడు అక్కడ 325 వోల్టుల దాకా ఉంటుంది. గుంటకీ షెడ్డు ఎర్త్‌కీ 16 చ.మి.మీ. రాగి తీగ. ఆకుపచ్చ-పసుపు తీగ రెండు కొసలా బిగింపు. మళ్లీ పల్వరైజర్ తిప్పి వోల్టులు చూడండి. షీల్డ్ ఆ తర్వాతే. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) వేయాలనిపిస్తే మోటార్‌కి వెళ్లే యూ, వీ, డబ్ల్యూ తీగలు డ్రైవ్ నుంచి విప్పి మోటార్‌కి మాత్రమే. డ్రైవ్‌కి వేస్తే డ్రైవ్ పోతుంది.

ఆటోనగర్_ప్యానెల్: కలిపాక కూడా తేడా అర వోల్టుకి దిగకపోతే రెండో వైపు కట్టొద్దు. ఈ మాట మీద నేను మారను.

కృష్ణలంక_డ్రైవ్స్: దిగకపోతే కలిపిన జాయింటు విప్పి చూడాలి, షీల్డ్‌ని కాదు.

మిర్చియార్డు_రోడ్డు: ఆదివారం మెషిన్ ఆపుతాం, రీడింగ్ ఇక్కడే పెడతాను. గుంట వేసినాయనకి సగం డబ్బులు ఇంకా ఇవ్వలేదు లెండి.