ఎవరెస్టింగ్‌కి మనసును, ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: మా ఊరి దగ్గర గుట్ట రోడ్డు 200 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. దాన్నే సైకిల్ మీద మళ్లీ మళ్లీ ఎక్కి ఎవరెస్ట్ శిఖరం ఎత్తు 8,848 మీటర్లు పూర్తి చేయాలనుంది (దీన్నే ఎవరెస్టింగ్ అంటారు), అంటే 45 సార్లు, మధ్యలో నిద్రపోకూడదు. కాళ్లకంటే మనసు గురించే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు సగం, అంటే 4,424 మీటర్లు చేసి చూడండి, దాన్ని బేస్‌క్యాంప్ అంటారు. నేను తొలిసారి ఆకలేసినప్పుడు తిందాంలే అనుకుని 19వ ఎక్కుడులో చేతులు వణికి ఆగిపోయాను. ఇప్పుడు గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం వెళ్లేలా అరటిపండు, ఖర్జూరం, ఉప్పేసిన ఉడికిన ఆలుగడ్డ మొదటి గంట నుంచే తింటాను. తేలిక గేర్ తప్పనిసరి, లేకపోతే మోకాళ్లు పోతాయి.

జవాబు 2: మొత్తం 45 లెక్కపెట్టొద్దు. నేను గట్టు మీద ఐదు గులకరాళ్లు పెట్టుకుని ఒక్కో ఎక్కుడుకీ ఒకటి పక్కకి జరిపేవాడిని, అవి అయిపోతే మళ్లీ మొదలు. అసలు భయం దిగేటప్పుడే, తెల్లవారుజామున చలికి వేళ్లు బిగుసుకుపోయి బ్రేక్ అందదు. జాకెట్, గ్లవ్స్, తోడుగా ఒక మనిషి ఉండాలి. కళ్లు మూతలు పడుతుంటే ఆపేయండి, గుట్ట ఎక్కడికీ పోదు.

ప్రశ్న వేసిన వ్యక్తి: థాంక్సండీ, వచ్చే ఆదివారం 23 సార్లు ఎక్కి చూస్తాను. తమ్ముడు తోడొస్తానన్నాడు.