అప్‌డేట్: మేనల్లుడి రిపోర్టులో ‘డబుల్ మినిట్స్’, వాడి చెల్లికీ వస్తుందా?

మేనల్లుడి న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లలకు నరాల కణాల్లో వచ్చే క్యాన్సర్) రిపోర్టులో ‘మిక్-ఎన్ యాంప్లిఫికేషన్ (మిక్-ఎన్ అనే జీను కాపీలు బాగా పెరిగిపోవడం), డబుల్ మినిట్స్’ అని చూసి, వాడి చెల్లికీ వస్తుందేమోనని టెన్షన్‌తో అడిగాను కదా. బదులిచ్చిన అందరికీ థ్యాంక్స్. జెనెటిక్స్ డాక్టరును కలవమన్న సలహానే పనికొచ్చింది.

తిరుపతిలో కలిసిన డాక్టరమ్మ ఫిష్ టెస్టు (జీన్లను మెరిసే రంగుతో గుర్తించే పరీక్ష) ఫొటో చూపించారు. క్రోమోజోముల చుట్టూ ఆవాలు చల్లినట్టు చుక్కలు. అవే డబుల్ మినిట్స్, అంటే మిక్-ఎన్ కాపీలను మోస్తూ క్రోమోజోముకు బయట తిరిగే డీఎన్ఏ వలయాలట. వాటికి సెంట్రోమియర్ (కణం చీలేటప్పుడు క్రోమోజోమును పట్టి లాగే చోటు) ఉండదు కాబట్టి కణం రెండుగా చీలినప్పుడు సమంగా పంపకం కావు. ఒకదానికి బోలెడు, ఇంకోదానికి కొన్నే. ఎక్కువ దక్కిన కణాలు రెచ్చిపోతాయి.

అయితే అవి గడ్డలోనే పుట్టినవి, అమ్మానాన్నల నుంచి వచ్చినవి కావు. ఇంట్లో ఇంకెవరికీ ఈ జబ్బు లేదు కనుక పాపకు టెస్టులేవీ రాయలేదు. మేనరికం, సెల్‌టవర్ మాటలు (మా బంధువులవే ఎక్కువ) దీనికి సంబంధం లేనివి. వాడిది హై రిస్క్ కిందికే వస్తుందన్నారు, కీమో నడుస్తోంది.