జపనీస్ రెస్టారెంటు వారు కాదన్నారు. 12 రోజుల్లో మరొకటి కావాలి

ఎం.వి. – సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. వచ్చే వారం శనివారం మన వాలంటీర్ల విందుకు ఒప్పుకున్న రెస్టారెంటు యజమాని ఈ సాయంత్రం ఫోన్ చేసి, 46 మందికి ఒకేసారి వడ్డించడం తమ వల్ల కాదని చెప్పి బుకింగు రద్దు చేశారు. అడ్వాన్సు పూర్తిగా తిరిగి పంపించారు. ఆయన చెప్పిన కారణాలు రెండు. కౌంటరు వెనుక సుషి చేసే మనిషి ఒక్కరే ఉన్నారు. తలకు 8 చొప్పున లెక్క వేసినా అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి చేత్తో ఒత్తే నిగిరి ముక్కలు 368 ఆ ఒక్క చేతి మీదుగానే రావాలి, ముందే చేసి పెడితే అన్నం గట్టిపడుతుంది కనుక అందుకు ఆయన ఒప్పుకోరు. రెండవది, మనలో చేప ముట్టనివారు 14 మంది ఉన్నారని నేను రాసిన ఉత్తరం ఆయన ఈ రోజే చదివారట. తమ వంటగదిలో దాషి, అంటే చేపతో తీసే రసం, లేకుండా తయారయ్యేవి చాలా తక్కువనీ, చేప లేదని అబద్ధమాడి పెట్టలేననీ అన్నారు.

స్వాగత బల్ల, పోస్టర్లు, పిల్లల ఆటలు, ఫొటోలు అంటూ నిన్న పంపిన పనుల పట్టికను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఈ శివారులో మరో మంచి జపనీస్ రెస్టారెంటు ఎవరికైనా తెలిస్తే వెంటనే రాయవలసిందిగా కోరుతున్నాను.

సు.ల. – సోమవారం రాత్రి

అన్నయ్యా, హైవే పక్కనున్న బఫే గురించి నేను కిందటి సమావేశంలోనే చెప్పాను. అక్కడ 46 మంది కాదు, 200 మంది వచ్చినా చోటుంటుంది, పిల్లలు తిరగడానికి స్థలముంటుంది, ఎవరికి కావలసింది వారు తెచ్చుకుంటారు. చిన్న చోటనే రుచి ఉంటుందని పట్టుబట్టి నా మాట తోసిపుచ్చినవారే ఇప్పుడు దారి చూపించాలి. రేపు ఉదయం ఆ బఫేకు ఫోన్ చేయమంటే చేస్తాను.

కె.ఆర్. – మంగళవారం ఉదయం

వదినా, పట్టుబట్టినది నేనే కాబట్టి జవాబు నేనే చెప్పాలి. ఆ బఫేకు నేను రెండుసార్లు వెళ్లాను. సుషికి ప్రాణం చేప కాదు, వెనిగరు, ఉప్పు, చక్కెర కలిపిన అన్నం. అది చేతికి తగిలితే మన ఒంటి వేడిలా గోరువెచ్చగా ఉండాలి, నోట్లో పెట్టుకోగానే మెతుకు మెతుకుగా విడిపోవాలి. అక్కడ ముక్కలను చల్లని అరల్లో గంటల తరబడి ఉంచుతారు, చల్లదనానికి అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుని నోట్లో రవ్వలా తగులుతుంది. రోల్ చుట్టూ చుట్టే నోరి, అంటే ఎండు సముద్రపు నాచు రేకు, తడిసి తోలులా సాగుతుంది. పీత అని రాసిన రోల్‌లో ఉన్నది పీత కాదు, తెల్ల చేప గుజ్జుకు రంగు, రుచి అద్ది చేసిన కానికామా. గోధుమ పడనివారు పీతే కదా అనుకుని తింటే, అందులో చాలాసార్లు గోధుమ పిండి కలిసి ఉంటుంది. మన మనుషులు ఏడాది పొడవునా పనిచేశారు, వారికి పెట్టే భోజనం ఇదా అన్నదే నా బాధ.

సు.ల. – మంగళవారం ఉదయం

సుషి గురించి మీకు ఎక్కువ తెలుసని ఒప్పుకుంటాను. కానీ 12 రోజుల్లో 46 మందికి భోజనం కుదర్చడం గురించి మీకు తెలిసినదేమీ ఇందులో కనబడలేదు. కిందటిసారి చివరి నిమిషంలో పరుగులు తీసినది ఎవరో మీకు గుర్తుండాలి. రుచి గురించి ఉపన్యాసం చాలు, ఒక చిరునామా ఇవ్వండి.

కె.ఆర్. – మంగళవారం మధ్యాహ్నం

చిరునామా నా దగ్గర ఉంటే ఉపన్యాసం రాసేవాణ్ణి కాదు. పేరుకు విందు అయితే చాలనుకుంటే మీరే బుక్ చేయండి, నేను భోజనాల పనిలోంచి తప్పుకుంటాను.

పి.జె. – మంగళవారం సాయంత్రం

ఎవరూ తప్పుకోవద్దని దయచేసి కోరుతున్నాను. ఆ 14 మందిలో నేనూ ఒకదాన్ని, కనుక మా సంగతి వివరంగా రాస్తాను. నిరుడు ఒక చోట "వెజిటేరియన్" అన్న గుర్తు చూసి పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మిసో సూప్ తాగాను, సగం అయ్యాక వడ్డించిన అమ్మాయిని అడిగితే అందులో దాషి ఉందని చెప్పింది. దాషి అంటే కొంబు అనే సముద్రపు నాచును, ఆరబెట్టి పొగబెట్టిన చేపను రేకులుగా తరిగిన కట్సువోబుషిని నీటిలో వేసి దించే రసం. జపనీస్ వంటకు అది పునాది వంటిది: మిసో సూప్‌లోనూ, నూడుల్స్ పులుసులోనూ, పిండిలో ముంచి వేయించే తెంపురాతో ఇచ్చే సాస్‌లోనూ, తీపి గుడ్డు అట్టులోనూ అదే ఉంటుంది. ఇనారి సుషిలో కనిపించేది వేయించిన టోఫు సంచి మాత్రమే, కానీ ఆ సంచిని సాధారణంగా దాషిలోనే ఉడికిస్తారు. కాంప్యో రోల్‌లోని ఆరబెట్టిన సొరకాయ పట్టీలదీ అదే దారి. దోసకాయతో చేసే కప్పా మాకి, అవకాడో రోల్ మాత్రమే కొంత నిశ్చింతగా తినగలం.

కాబట్టి "మీ దగ్గర వెజ్ ఉందా" అని అడగడం వల్ల ప్రయోజనం లేదు, ఉందనే అంటారు. "మీ దాషి దేనితో చేస్తారు, కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో విడిగా చేసి ఇవ్వగలరా" అని అడగాలి. జపాన్ బౌద్ధ మఠాల వంటలో చేప ముట్టకుండా ఈ రెండింటితోనే రసం తీస్తారు, కనుక ఇది వారికి తెలియని విద్య కాదు. మనల్ని కాదన్న ఆ యజమాని మీద నాకు కోపం లేదు. మాకు నిజం చెప్పిన మొదటి రెస్టారెంటు అదే.

డి.ఎస్. – మంగళవారం రాత్రి

పచ్చి చేప గురించి నేను రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన జాబితాలో ఇద్దరు గర్భవతులు ఉన్నారు. వారికి ఉడికినవే పెట్టించాలి. మిగిలినవారి విషయంలో చేప తాజాదనం ఒక్కటే చూస్తే చాలదు. అనిసాకిస్ వంటి పురుగులను చంపడానికి, పచ్చిగా వడ్డించే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు గానీ, మైనస్ 35 డిగ్రీల వద్ద గడ్డకట్టించి 15 గంటలు గానీ ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. ఐరోపా సమాఖ్య నియమంలో మైనస్ 20 వద్ద కనీసం 24 గంటలు అని ఉంది. అమెరికా నియమాల్లో కొన్ని జాతుల ట్యూనాకు మినహాయింపు ఉంది. గడ్డకట్టించడం వల్ల పురుగులు చస్తాయి గానీ బాక్టీరియా చావదు, కాబట్టి కరిగిన తరువాత చల్లగా ఉంచడం, త్వరగా తినేయడం తప్పనిసరి. "సుషి గ్రేడ్" అన్న ముద్రకు అమెరికాలో చట్టపరమైన నిర్వచనం లేదు, దాన్ని చూసి ఊరట చెందవద్దు. ఫ్రీజర్ చేప అని రెస్టారెంటు వారు ఒప్పుకుంటే అది తప్పు కాదు, మంచి లక్షణమే.

టి.ఎన్. – మంగళవారం రాత్రి

నేను పదవీ విరమణ చేసినవాణ్ణి, నాకు పగలు తీరిక ఉంది. కె.ఆర్., నువ్వు రేపు సగం రోజు సెలవు పెట్టు. కారు నేను నడుపుతాను. సు.ల. అమ్మా, బఫే వారికి ఫోన్ చేసి చోటు మాత్రం అడిగి ఉంచు, ఖరారు చేయకు. శుక్రవారం వరకు మాకు గడువు ఇవ్వు.

కె.ఆర్. – బుధవారం రాత్రి

టి.ఎన్. మాస్టారూ నేనూ ఈ రోజు నాలుగు చోట్లకు వెళ్లివచ్చాం. చూసినవి చూసినట్లు రాస్తున్నాను.

మొదటిది స్టేషన్ ఎదురుగా ఉన్నది. మెనూ పుస్తకంలా ఉంది: సుషి, రామెన్, తెప్పన్‌యాకి, పక్క దేశాల కూరలు, పిజ్జా కూడా. జపాన్‌లో సుషి దుకాణం సుషికే, సోబా నూడుల్స్ దుకాణం సోబాకే కట్టుబడి ఉండడం మామూలు; ఇక్కడ బతకడానికి నాలుగూ పెట్టక తప్పదని అర్థమవుతుంది గానీ, లోపలికి అడుగు పెట్టగానే చేప వాసన కొట్టింది. మంచి సుషి చోట ఆ వాసన రాకూడదు. మేము కూర్చోలేదు.

రెండవది పళ్లేలు బెల్టు మీద తిరిగే చోటు. ఈ పద్ధతిని 1958లో షిరాయిషి యోషియాకి అనే ఆయన హిగాషి ఒసాకాలో మొదలుపెట్టారు, కొద్దిమంది పనివారితో ఎక్కువమందికి తక్కువలో పెట్టడానికి. ఆ ఉద్దేశంలో ఏ లోపమూ లేదు. బెల్టు మీదివి వదిలేసి కొత్తగా చేయించుకుని తిన్నాం, పరవాలేదు. కానీ 14 మంది సంగతి చెప్పీ చెప్పకముందే "ఓ, తప్పకుండా" అన్నారు. దాషి గురించి అడిగితే లోపలి నుంచి ఒక పొడి పొట్లం తెచ్చి చూపించారు, దాని మీద చేప బొమ్మ ఉంది.

మూడవది రామెన్ నూడుల్స్ దుకాణం. పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన పులుసు తప్ప తన దగ్గర ఏమీ లేదని, మా అవసరానికి తాను పనికిరానని యజమాని నవ్వుతూ చెప్పారు. బయలుదేరుతుంటే ఆగమని, లాండ్రీ వెనుక సందులో ఉన్న దుకాణానికి వెళ్లమని కాగితం మీద దారి గీసి ఇచ్చారు. తన సెలవు రోజున తాను తినేది అక్కడేనట. ఇంటర్నెట్‌లో ఆ దుకాణానికి ఉన్నవి నాలుగే ఫొటోలు, మేమెవరమూ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

అక్కడ కుర్చీలు 24. గోడ మీద ఆ రోజు చేపల పేర్లు చేతితో రాసి ఉన్నాయి, అయిపోయిన రెండింటిని కొట్టివేశారు. అల్లం ఊరగాయ గులాబీ రంగులో మెరవకుండా లేత రంగులో ఉంది. వసాబి మాత్రం ట్యూబులోదే. చాలాచోట్ల అది హార్స్‌రాడిష్, ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్దే, నేను దాన్ని తప్పుపట్టను. మాకీ రోల్ కొరికితే నోరి టపుక్కున తెగింది. అన్నం గోరువెచ్చగా ఉంది. నాకు కళ్లు చెమర్చాయంటే ఎవరూ నమ్మరు.

14 మంది సంగతి చెప్పినప్పుడు ఆయన వెంటనే సరేననలేదు. గుడ్డు తింటారా, తేనె తింటారా, వంటలో తీపికి వేసే మిరిన్‌లో మద్యం ఉంటుంది కదా అది పరవాలేదా, చేప కోసిన కత్తి కడిగి వాడితే అభ్యంతరమా అని నాలుగు ప్రశ్నలు తిరిగి అడిగారు. ఎదురు ప్రశ్నలు వేసినవారు ఆయన ఒక్కరే. డి.ఎస్. గారు రాసినది అడిగితే, చేప వచ్చిన పెట్టె మీది కాగితం తెచ్చి ఎప్పుడు గడ్డకట్టించారో చూపించారు.

చోటు మాత్రం 24 మందికే. ఎలాగో మీరే చెప్పాలి.

సు.ల. – బుధవారం రాత్రి

మీరు రాసినది రెండుసార్లు చదివాను. నిన్న నేను అన్న మాట ఎక్కువైంది, మనసులో పెట్టుకోవద్దు. రెండు విడతలుగా ఎందుకు పెట్టకూడదు? అక్కడ మధ్యాహ్న భోజనం ఎప్పటికి ముగుస్తుంది, రాత్రిది ఎప్పుడు మొదలవుతుంది? మూడు గంటల ఖాళీ ఉంటే నేను కార్లు సర్దగలను.

టి.ఎన్. – గురువారం మధ్యాహ్నం

ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాను. 2:30కి మధ్యాహ్నం ముగుస్తుంది, 5:30కి రాత్రి మొదలవుతుంది, మధ్యలో తలుపు మూసేస్తారు. ఆ సమయాన్ని మనకు ఇస్తామన్నారు, 23 మంది చొప్పున రెండు విడతలు, 5 గంటలకల్లా ఖాళీ చేయాలి. నిగిరి మాత్రం చేయనన్నారు, మొదటి యజమాని చెప్పిన కారణమే. దాని బదులు చిరాషి చేస్తానన్నారు: సుషి అన్నాన్ని వెడల్పాటి గిన్నెలో పరిచి, దాని మీద కోసిన చేప, కూరగాయలు, గుడ్డు సన్నగా తరిగి అలంకరిస్తారు. జపాన్‌లో ఇళ్లలో పండుగ పూట చేసుకునేది అదేనని, పదిమందికి పెట్టాలంటే తన తల్లి కూడా అదే చేసేదని చెప్పారు. అన్నం రెండు విడతలకూ విడివిడిగా వండుతారు, చేపను వడ్డించే ముందే కోస్తారు.

పి.జె. – గురువారం సాయంత్రం

మాస్టారూ, మా 14 మందినీ మొదటి విడతలోనే వేయండి. అప్పటికి పీట, కత్తి కడిగి ఉంటాయి, మా గిన్నెలు ముందు పూర్తిచేసి ఆ తరువాత చేప తీయమని అడగవచ్చు. మిగిలిన 9 స్థానాల్లో గర్భవతులిద్దరినీ, చిన్నపిల్లలున్నవారినీ చేర్చండి. తెంపురా మాకు వద్దు, రొయ్యలు వేయించిన నూనెలోనే కూరగాయలూ వేయిస్తారు. దోసకాయ, అవకాడో, షిటాకే, ఊరబెట్టిన ముల్లంగి చాలు. కొంబు రసంతో మిసో సూప్ చేస్తానంటే అంతకన్నా ఏమీ అడగము.

ఎం.వి. – శుక్రవారం రాత్రి

ఫోన్ చేసి ఖరారు చేశాను, అడ్వాన్సు కూడా కట్టేశాను. మొదటి విడత 2:30 నుంచి 3:40 వరకు, రెండవది 3:50 నుంచి 5 వరకు. రెండవ విడతవారు అక్కడికి ముందుగా వచ్చి సందులో నిలబడితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కనుక, లైబ్రరీ పక్కన పార్కులో ఉండి, సు.ల. పిలిచినప్పుడే బయలుదేరాలి. గోధుమ పడని ముగ్గురికి మామూలు సోయా సాస్ పనికిరాదు, అందులో గోధుమ ఉంటుంది. గోధుమ లేదని లేబులు మీద రాసి ఉన్న తమారి అనే సోయా సాస్ సీసా ఒకటి తెస్తే విడిగా పెడతానని ఆయన అన్నారు. ఎవరు తెస్తారు?

కె.ఆర్. – శుక్రవారం రాత్రి

తమారి నేను తెస్తాను. వదినా, రెండవ విడతలో కార్లు తక్కువైతే నా బండిలో నలుగురికి చోటుంది.

సు.ల. – శుక్రవారం రాత్రి

నలుగురు కాదు, ముగ్గురినే వేస్తున్నాను; ముందు సీటు మాస్టారిది, దారి ఆయనకే తెలుసు.